ఒంటరి సంతకం, ఉమ్మడి బట్టీ: స్టూడియో సిరామిక్స్ నడిచే తీరు

ఆవకాయ జాడీ చాలా తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పచ్చడిని మామూలు మట్టికుండలో పెడితే కుండ గోడలోని సన్నని రంధ్రాలు ఉప్పునూ నూనెనూ పీల్చుకుంటాయి. లోహపు గిన్నెలో పెడితే పులుపుకు ఆ గిన్నె నిలవదు. జాడీ అలా కాదు. అది 1200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కాలి, లోపలి రేణువులు కొంత కరిగి ఒకదానితో ఒకటి అతుక్కుని, నీటిని దాదాపుగా పీల్చని స్థితికి చేరిన మట్టి. పైన గాజు పూత ఉంటుంది. ఈ తరగతి మట్టిపనిని స్టోన్‌వేర్ అంటారు. జాడీలను ఫ్యాక్టరీలు చేస్తాయి. అదే స్టోన్‌వేరునూ, దానికి అటూ ఇటూ ఉండే ఎర్రమట్టి పాత్రలనూ పింగాణీనీ ఒక వ్యక్తి తన సొంత రూపకల్పనతో చేతితో చేసి, తానే కాల్చి, అడుగున తన గుర్తు వేసి అమ్మితే దాన్ని స్టూడియో సిరామిక్స్ అంటున్నారు. ఒక పక్క కుమ్మరి వృత్తి, ఇంకో పక్క ఖుర్జా, మోర్బీ వంటి ఊళ్ల ఫ్యాక్టరీలు ఉండగా, ఆ రెంటి మధ్య ఎక్కడో దీని చోటు. ఆ రెంటిలో దేనికీ ఇది పూర్తిగా చెందదు.

ఈ రంగం గురించి రాసేవారు సాధారణంగా చేతి గురించే రాస్తారు. సారె మీద తిరిగే మట్టి, దాన్ని పైకి లాగే వేళ్లు, పనిచేసేవారి ఏకాగ్రత: వ్యాసాల్లోనూ ఫొటోల్లోనూ ఇవే కనిపిస్తాయి. ఆ వర్ణనలో అబద్ధమేమీ లేదు గానీ, దానివల్ల అసలు విషయం పక్కకు పోతుంది. స్టూడియో కుమ్మరి ఎక్కడ ఉండాలి, ఎవరితో కలిసి పనిచేయాలి, ఎంత ధర అడగాలి, ఎవరికి పని నేర్పాలి అన్నవాటిని నిర్ణయించేది సారె కాదు, బట్టీ. సారె ఒక గది మూలలో సరిపోతుంది. బట్టీకి స్థలం, ఇంధనం, పెట్టుబడి, అనుభవం, చాలాసార్లు మరో నలుగురి చేతి సాయం కావాలి. ఒకే మనిషి సంతకంతో బజారుకు వచ్చే ఈ కళ చుట్టూ ఇన్ని బృందాలూ గురుశిష్య వరసలూ ఉమ్మడి పనిశాలలూ పుట్టడానికి కారణం అక్కడే ఉంది.

బట్టీకి ఇంత పెత్తనం ఎందుకు వచ్చిందో తెలియాలంటే, దాని లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చూడాలి. ఎండలో బాగా ఆరినట్టు కనిపించే పాత్రలో కూడా మట్టి రేణువులతో రసాయనికంగా కలిసి ఉన్న నీరు మిగిలి ఉంటుంది. సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య ఆ నీరు వదిలిపోతుంది. ఆ మెట్టు దాటిన మట్టిని ఎంత నానబెట్టినా మళ్లీ బురద కాదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని పలుగురాయి స్ఫటికాల అమరిక మారి అవి ఒక్కసారిగా ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అదే వేడి దగ్గర మళ్లీ కుంచించుకుంటాయి. బట్టీ ఇంకా వేడిగా ఉండగానే తొందరపడి తలుపు తీస్తే వెడల్పాటి పళ్లేలు పగిలిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. ఊళ్లో కుమ్మరి ఆవం సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల మధ్య ఆగుతుంది. స్టూడియోలో మొదటి కాల్పు 950, 1000 డిగ్రీల దాకా వెళ్తుంది. అలా కాలిన పాత్రను గ్లేజులో ముంచి, రెండోసారి 1220 నుంచి 1300 డిగ్రీల దాకా కాలుస్తారు. పచ్చి మట్టి నుంచి ఈ చివరి దశకు వచ్చేసరికి పాత్ర కొలతలో పదో వంతుకు పైగా తగ్గుతుంది. మూత పెట్టే గిన్నెలు చేసేవారు ఈ లెక్కను మొదటి రోజే వేసుకోవాలి.

గ్లేజు అంటే పాత్ర మీదే తయారయ్యే గాజు. గాజుకు మూలమైన సిలికా ఒంటరిగా కరగాలంటే 1700 డిగ్రీల వేడి కావాలి, ఏ స్టూడియో బట్టీ అంత దూరం వెళ్లదు. అందుకని సిలికాను తక్కువ వేడిలో కరిగించే కాల్షియం, సోడియం, పొటాషియం వంటివాటిని కలుపుతారు. కరిగిన గాజు గోడ మీద నుంచి జారిపోకుండా పట్టి ఉంచడానికి అల్యూమినా ఉండాలి. ఫెల్డ్‌స్పార్ రాతిలో సిలికా, అల్యూమినా, కరిగించే పదార్థం మూడూ ఉంటాయి కాబట్టి స్టోన్‌వేర్ గ్లేజులకు అదే పునాది. ఈ రాయి తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ విస్తారంగా దొరుకుతుంది. గోదావరి జిల్లాల వైపు ద్వారకా తిరుమల ప్రాంతంలో దొరికే బాల్ క్లే, జిగట ఎక్కువగా ఉండి తెల్లగా కాలే మట్టి, సిరామిక్ పరిశ్రమకు బాగా పరిచయం. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ నేర్పే ప్రభుత్వ సంస్థ ఉంది. అంటే ముడిసరుకూ సాంకేతిక శిక్షణా రెండూ తెలుగు నేల మీద ఉన్నాయి. స్టూడియో సంప్రదాయం మాత్రం ఇక్కడ ఆలస్యంగా మొలిచింది. కారణం మట్టిలో లేదన్నమాట.

రంగుల సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. గ్లేజులో ఇనుము ఒక శాతం దరిదాపుల్లో ఉండి, బట్టీలోకి గాలిని తగ్గిస్తే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఐరన్ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, పూత లేత ఆకుపచ్చగా మారుతుంది. చైనా, కొరియా దేశాల సెలడాన్ పాత్రల రంగు ఇలా వచ్చిందే. గాలి ధారాళంగా ఆడిన బట్టీలో అదే పూత పసుపు, తేనె రంగుల వైపు వెళ్తుంది. ఇనుము ఎనిమిది, పది శాతానికి పెరిగితే నలుపు, ముదురు గోధుమ. రాగి గాలిలో కాలితే ఆకుపచ్చ, గాలి కొరతలో కాలితే ఎరుపు. కాబట్టి గ్లేజు పాళ్లు రాసి ఉన్న కాగితం ఒక్కటే చేతిలో ఉంటే చాలదు; ఏ బట్టీలో, ఎంతసేపు, ఎంత గాలితో కాల్చారో తెలిస్తేనే ఆ కాగితానికి విలువ. వేడిని కొలవడానికి డిజిటల్ మీటర్లు ఉన్నా, చాలామంది ఇప్పటికీ బట్టీలో చిన్న సిరామిక్ కోన్లు నిలబెట్టి, అవి ఎప్పుడు వంగుతాయో చూపురంధ్రం లోంచి చూస్తారు. 1886 ప్రాంతంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ జెగర్ తీర్చిదిద్దిన పద్ధతి ఇది. మీటరు ఆ క్షణపు వేడిని చెబుతుంది. కోను, మట్టి మీద ఆ వేడి ఎంతసేపు పనిచేసిందో కూడా చెబుతుంది.

పుస్తకంలో చదివి ఇవన్నీ తెలుసుకోవచ్చు. తన బట్టీలో పై అరకు ఎంత వేడి అందుతుందో, వెనక మూల ఎందుకు చల్లగా ఉండిపోతుందో మాత్రం కాల్చి కాల్చి తెలుసుకోవలసిందే. పక్కన మరొకరు అప్పటికే కాల్చి, వివరాలు నోటుబుక్కులో రాసి పెట్టి ఉంటే సగం నష్టం తప్పుతుంది. స్టూడియో సిరామిక్స్ చరిత్రలో పేరు మోసిన చోట్లన్నీ ఇలాంటి నోటుబుక్కు ఉన్న చోట్లే.

ఈ చరిత్రను ఎక్కువమంది ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న సెయింట్ ఐవ్స్ నుంచి మొదలుపెడతారు. హాంకాంగ్‌లో పుట్టి, జపాన్‌లో కుండలు చేయడం నేర్చుకున్న బెర్నార్డ్ లీచ్, జపాన్ యువకుడు షోజీ హమదాతో కలిసి 1920లో అక్కడ పనిశాల పెట్టాడు. వాళ్లిద్దరూ కట్టుకున్న మొదటి బట్టీ సరిగా పనిచేయలేదు. క్యోటో దగ్గరి కుమ్మరి వంశంలో పుట్టి బట్టీల నిర్మాణం బాగా తెలిసిన మత్సుబయాషీ త్సురునోసుకే వచ్చి, 1920ల తొలి ఏళ్లలో మూడు గదుల మెట్ల బట్టీ కట్టిపెట్టిన తరువాత గానీ పని కుదురుకోలేదు. ఆ బట్టీ కొన్ని దశాబ్దాలు నడిచింది. లీచ్ పేరు తెలిసినవారిలో ఎంతమందికి మత్సుబయాషీ పేరు తెలుసు? లీచ్ పనిశాల ఆర్థికంగా నిలబడింది కూడా లీచ్ సొంతంగా చేసిన కళాఖండాల మీద కాదు. శిష్యులూ పనివారూ కలిసి చేసిన, జాబితా చూసి ఎవరైనా కొనుక్కోగల నిత్యవాడుక కప్పులు, గిన్నెలు, జగ్గుల మీద. హమదా జపాన్‌కు తిరిగి వెళ్లి మషికో గ్రామంలో స్థిరపడి, తన పాత్రల మీద సంతకం చేయడమే మానేశాడు. పేరులేని పల్లె పనివాళ్ల వస్తువుల్లోనే అసలైన అందం ఉందని వాదించిన సొయెత్సు యనాగి ప్రభావం వీరందరి మీదా ఉంది. పేరు లేకపోవడాన్ని అంతగా మెచ్చుకున్న ఉద్యమంలో నాయకుల పేర్లు ప్రపంచమంతా మోగడం కొంత ఎబ్బెట్టుగానే ఉంటుంది.

దీనికి పూర్తి భిన్నమైన దారి లూసీ రీది. నాజీల బారి నుంచి తప్పించుకుని 1938లో వియన్నా వదిలి లండన్ చేరిన రీ, హైడ్ పార్కు సమీపంలో ఒక చిన్న ఇంట్లో విద్యుత్ బట్టీ పెట్టుకుని, దాదాపు జీవితాంతం అక్కడే పనిచేసింది. పొగ లేదు, కట్టెల గుట్ట లేదు, రాత్రంతా నిప్పు చూసే మనుషులు అక్కరలేదు. పచ్చి పాత్రకే గ్లేజు పూసి ఒకేసారి కాల్చేది. కుండల కళాకారుడు హాన్స్ కోపర్ కొన్నేళ్లు ఆమెతో కలిసి పనిచేసినా, ఆ స్టూడియోలో శిష్యుల వరస ఏర్పడలేదు. నగరంలో ఒక్క మనిషి నడపగల స్టూడియో విద్యుత్ బట్టీతోనే వీలైంది. సెయింట్ ఐవ్స్ దారి, రీ దారి రెండూ ఇవాళ భారతదేశంలో పక్కపక్కనే నడుస్తున్నాయి.

భారతదేశానికి ఈ పని వచ్చిన తోవలో మొదటి పేరు గురుచరణ్ సింగ్. భూగర్భశాస్త్రం చదువుకుని ఢిల్లీలో ఇటుకలూ టైళ్లూ చేసే సంస్థలో చేరిన ఆయన, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో జపాన్ వెళ్లి అక్కడ లీచ్, హమదా, యనాగిలను కలిశాడు. 1952లో ఢిల్లీ బ్లూ పాటరీ స్థాపించాడు. ఆయన కుమారుడు మన్‌సిమ్రన్ సింగ్ సెయింట్ ఐవ్స్‌లో శిక్షణ పొంది వచ్చాక, హిమాచల్ ప్రదేశ్‌లోని అంద్రెట్టా గ్రామంలో మరో కేంద్రం ఏర్పడింది. బరోడా విశ్వవిద్యాలయంలో జ్యోత్స్నా భట్ దశాబ్దాల పాటు సిరామిక్స్ బోధించింది. నిర్మలా పట్వర్ధన్ తన జీవితకాలపు గ్లేజు ప్రయోగాల ఫలితాలను, పాళ్లతో సహా, చేతిపుస్తకంగా అచ్చు వేయించింది. పూత గుట్టును కుటుంబం గడప దాటనివ్వని రంగంలో అది చిన్న సాహసం కాదు. అయితే ఒక తరం మొత్తాన్ని మలచిన చోటు ఏదని అడిగితే, పుదుచ్చేరి పేరే చెప్పాలి.

1971లో అమెరికా నుంచి వచ్చిన డెబోరా స్మిత్, రే మీకర్ శ్రీ అరవిందాశ్రమం నీడలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ప్రారంభించారు. స్మిత్ జపాన్‌లోని బిజెన్‌లో కుండల పని నేర్చుకుంది. జపనీస్ భాష వచ్చు. మీకర్ వాస్తుశిల్పం చదువుతూ సిరామిక్స్ వైపు మళ్లినవాడు. బట్టీలు కట్టడం ఆయన బలం. చుట్టుపక్కల స్టోన్‌వేర్ స్టూడియో అనేదే లేదు, నేర్చుకోవడానికి ఎవరూ లేరు, అమ్మడానికి అంగడి లేదు. మట్టి మిశ్రమం, గ్లేజు, బట్టీ ఇటుక అన్నిటినీ అక్కడ దొరికే సరుకుతోనే కుదుర్చుకున్నారు. ఇంధనంగా కోరమండల్ తీరమంతా తోటలుగా పెంచే సరుగుడు కట్టెను ఎంచుకున్నారు. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా తీరంలో ఉన్నవారికి సరుగుడు తోట కొత్త కాదు. గుంజలకూ వంటచెరకుకూ అదే వాడుక. నిటారుగా పెరుగుతుంది, నాలుగైదేళ్లలో కోతకు వస్తుంది, పొడవైన మంటతో తీవ్రంగా మండుతుంది. 1300 డిగ్రీల వైపు వెళ్లే బట్టీకి కావలసిన గుణాలు ఇవే.

స్థానిక తమిళ గ్రామాల నుంచి పనికి వచ్చినవారికి సారె, గ్లేజు, కాల్పు నేర్పి, అన్నం తినే పళ్లెం నుంచి టీ కప్పు దాకా నిత్యవాడుక వస్తువులు చేయించారు. రూపాలనూ చిత్రాలంకరణనూ ఉత్పత్తినీ స్మిత్ చూసుకుంటే, కొత్తవారికి నేర్పడం, పెద్ద పనులు, బట్టీలు మీకర్ చూసుకున్నాడు. రోజువారీ పాత్రల అమ్మకమే పాఠశాలకు ఆధారమైంది. ఇది సెయింట్ ఐవ్స్ పద్ధతే, కానీ ఇక్కడ ఫలితం మరోలా వచ్చింది. విద్యార్థులు నెలల తరబడి ఉండి నేర్చుకుని తమ నగరాలకు వెళ్లారు. పనివారిలో కొందరు బయటికి వెళ్లి సొంత పనిశాలలు పెట్టుకున్నారు. అలా పుదుచ్చేరి, ఆరోవిల్ పరిసరాల్లో చిన్నాపెద్దా స్టోన్‌వేర్ పనిశాలలు వరసగా లేచి, ఆ ప్రాంతపు పాత్ర అంటే చూడగానే గుర్తుపట్టే ఒక తీరు ఏర్పడింది. ఇది అనుకరణ అని కొందరు చిన్నచూపు చూస్తారు. కానీ ఒక ఊరి పనికి ఊరి పోలిక రావడం మన దగ్గర ఎప్పుడూ తప్పు కాదు. సంతకం ఉన్న కళగా చూసినప్పుడే అది తప్పుగా కనిపిస్తుంది. ఆరోవిల్‌లో పనిచేసే ఆదిల్ రైటర్, ఢిల్లీ ప్రాంతపు వినీత్ కక్కర్, హైదరాబాదులో స్టూడియో నడుపుతున్న ఆర్తి వీర్ మీకర్ దగ్గర నేర్చుకున్నవారే. వీరి పనుల్లో ఒకరి పోలిక మరొకరికి లేదు. కలిసింది శైలిలో కాదు, బట్టీ దగ్గర నేర్చుకున్న క్రమశిక్షణలో.

మీకర్ చేసిన మరో ప్రయోగాన్ని ఇక్కడ చెప్పకపోతే బట్టీ కథ సగమే చెప్పినట్టవుతుంది. ఇరాన్‌లో వాస్తుశిల్పి నాదర్ ఖలీలీ మట్టి ఇళ్లను కాల్చిన ప్రయత్నాల స్ఫూర్తితో, 1980ల మధ్య నుంచి ఆయన పచ్చి ఇటుకలతో గుమ్మటాల ఇళ్లు కట్టి, ఇంటినే బట్టీగా మార్చి నిప్పు పెట్టాడు. లోపల ఇటుకలూ టైళ్లూ పేర్చి కాలిస్తే వాటి అమ్మకంతో ఇంధనం ఖర్చు తిరిగి వస్తుందని, ఇల్లు దాదాపు ఉచితంగా గట్టిపడుతుందని లెక్క. కొన్ని ఇళ్లు నిజంగానే లేచాయి. కానీ మందమైన గోడలు ఆ వేడిని మింగేస్తాయి, కట్టె ఖర్చు పెరుగుతూ పోతుంది, ప్రతి ఇంటి దగ్గరా నిపుణుడు నిలబడాలి. బీదవారి గృహనిర్మాణానికి దారి అనుకున్నది విస్తృతంగా పాకలేదు.

కట్టె బట్టీ మనుషులను ఎలా కూడగడుతుందో దాన్ని కాల్చే తీరు చూస్తే అర్థమవుతుంది. మామూలు కట్టె బట్టీ ఒక రోజు పని. జపాన్ నుంచి వచ్చిన సొరంగం ఆకారపు అనగామా వంటివి రోజుల తరబడి మండుతాయి. పగలూ రాత్రీ వంతుల వారీగా కట్టె వేస్తారు. మంటతో ఎగిరిన బూడిద పాత్రల మీద వాలి, తనలోని కాల్షియం వల్ల మట్టిలోని సిలికాను కరిగించి, ఎవరూ పూయని గ్లేజు అవుతుంది. ఏ పాత్ర నిప్పు నోటి దగ్గర ఉండాలి, ఏది నీడన ఉండాలి అన్నది పేర్చేటప్పుడే తేలాలి, ఆ పేర్పుకే ఒక రోజు పడుతుంది. అంత పెద్ద బట్టీని ఒకరి పనితో నింపడం కష్టం, ఒకరి ఒళ్లు దాన్ని మండించలేదు. అందువల్ల పలువురి పాత్రలు ఒకే నిప్పులోకి వెళ్తాయి. ఒకరు తడి మట్టి పాత్రను తొందరపడి లోపల పెడితే అది పేలి పక్కవారి వారం పని పాడవుతుంది. కట్టె సగటున ఎంత ఎండిందో, ఎవరి వంతులో వేడి పడిపోయిందో అందరికీ తెలుస్తుంది. వ్యవసాయంలో బదులు పనికి వెళ్లే పద్ధతి ఎలాంటిదో ఇదీ అలాంటిదే: ఈసారి నీ బట్టీకి వాళ్లు వస్తారు, వచ్చేసారి వాళ్ల బట్టీకి నువ్వు వెళ్లాలి. ఈ బాకీలు ఎక్కడా రాసి ఉండవు, ఎవరూ మరిచిపోరు.

నగరాల్లో పరిస్థితి వేరు. హైదరాబాదు, బెంగళూరు, ముంబై వంటి చోట్ల పొగ వచ్చే బట్టీ పెట్టడం ఎలాగూ కుదరదు. గ్యాసు బట్టీకి సిలిండర్లు నిలవ చేసే స్థలం, భద్రతా ఏర్పాట్లు కావాలి. అందుకని కొత్త స్టూడియోలు ఎక్కువగా విద్యుత్ బట్టీల మీద నడుస్తున్నాయి. బట్టీ కాస్త పెద్దదైతే త్రీఫేజు కనెక్షన్ అడుగుతుంది, అద్దె ఇంట్లో దానికి ఇంటి యజమానిని ఒప్పించాలి. ఆక్సిజన్ ధారాళంగా ఉండే ఈ కాల్పులో సెలడాన్, రాగి ఎరుపు వంటివి సహజంగా రావు కాబట్టి 1220, 1240 డిగ్రీల దగ్గర కరిగే, డబ్బాల్లో సిద్ధంగా దొరికే రంగు గ్లేజుల వాడకం పెరిగింది. ఒకే డబ్బా దేశమంతా అమ్ముడవుతుంది కనుక ఒకే నీలం, ఒకే మచ్చల తెలుపు అన్ని నగరాల కప్పుల మీదా కనిపిస్తోంది. ఇంటర్నెట్ చూసి చేయడం వల్ల పని ఒకేలా ఉంటోందని విమర్శించేవారు ఈ డబ్బా సంగతి గమనించరు.

అలాగని విద్యుత్ బట్టీ మనుషులను పూర్తిగా విడదీయలేదు. మరో రకంగా కలిపింది. సొంత బట్టీ కొనలేనివారు తమ పాత్రలను పెట్టెల్లో సర్దుకుని, బట్టీ ఉన్న స్టూడియోకు తీసుకెళ్లి, ఆక్రమించిన అరను బట్టి అద్దె చెల్లిస్తారు. బట్టీ యజమాని గ్లేజు పరీక్ష ముక్క చూపించమని అడుగుతాడు, ఎందుకంటే ఒక తెలియని గ్లేజు కారితే అర పలకే పాడవుతుంది. ఈ చిన్న తనిఖీ ద్వారానే చాలామంది కొత్తవారికి రసాయన పాఠాలు అందుతున్నాయి. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. నగర స్టూడియోల్లో చాలావాటికి పాత్రల అమ్మకం కన్నా వారాంతపు తరగతుల ఫీజే ఆధారం. ఒక కప్పును పిసకడం, సారె మీద లాగడం, అడుగు చెక్కడం, పిడి అతకడం, ఆరబెట్టడం, కాల్చడం, గీకి శుభ్రం చేయడం, గ్లేజు ముంచడం, మళ్లీ కాల్చడం, అడుగు సానబెట్టడం అన్నీ లెక్క వేసుకుని, పగిలినవాటి నష్టం కూడా కలిపితే వచ్చే ధర, యంత్రం మీద చేసిన కప్పు పక్కన నిలబడలేదు. రెస్టారెంట్లు తమ పేరుతో పళ్లేలు చేయించుకోవడం మొదలయ్యాక కొందరికి ఊపిరి ఆడింది, కానీ అవి వందల్లో, ఒకే కొలతలో కావాలి. స్టూడియో అప్పుడు చిన్న ఫ్యాక్టరీ అవుతుంది, పనివారిని పెట్టుకోవాలి. సంతకం ఎవరిది అన్న పాత ప్రశ్న మళ్లీ వస్తుంది.

ఆరోగ్యం మాట క్లుప్తంగా. పొడి మట్టి ధూళిలోని సన్నని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే నయం కాని జబ్బు వస్తుంది. కాబట్టి మంచి స్టూడియోలో చీపురు ఉండదు, తడిగుడ్డ ఉంటుంది. తక్కువ వేడిలో మెరిసే పాత సీసం గ్లేజులు పులుపు తగిలితే ఆహారంలోకి సీసాన్ని వదులుతాయి. తినే పాత్ర లోపల ఏ పూత ఉందో అడిగే హక్కు కొనేవారికి ఉంది, జవాబు చెప్పలేని స్టూడియో నుంచి కొనకపోవడమే మేలు.

తినే పాత్రలకు అవతల, గ్యాలరీల వైపు నడిచినవారి దారి కూడా బట్టీతోనే ముడిపడి ఉంది. 1944లో హైదరాబాదులో పుట్టి, అక్కడా తరువాత బరోడాలోనూ చదువుకున్న పి.ఆర్. దరోజ్ ఢిల్లీలో స్థిరపడి, కుండ కొలత దాటి ద్వారబంధాలు, గోడలు, స్తంభాలంత సిరామిక్ నిర్మాణాలు చేశాడు. అంత పెద్ద రూపం ఒకే ముక్కగా ఏ బట్టీలోనూ పట్టదు. భాగాలుగా కోసి, కుంచించుకునే లెక్క వేసి, కాల్చిన తరువాత ఒక దగ్గర చేర్చాలి. లలిత కళా అకాడమీ ఢిల్లీలో నడిపే గఢీ స్టూడియోల వంటి ఉమ్మడి పనిశాలలు లేకపోతే ఆ తరం శిల్పులకు ఇంత పని సాధ్యమయ్యేది కాదు. 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో మొదటి ఇండియన్ సిరామిక్స్ ట్రైయెనాలే ప్రదర్శన, 2024లో ఢిల్లీలో రెండోది జరిగాయి. రెంటినీ ప్రభుత్వ శాఖ కాదు, సిరామిక్ కళాకారులే పూనుకుని నిర్వహించారు. పచ్చి మట్టి, వీడియో, ప్రదర్శన స్థలంలోనే విరిగిపోయే పనులు కూడా అక్కడ చోటు చేసుకున్నాయి. కాల్చని మట్టిని కూడా సిరామిక్స్‌లో కలిపేసుకోవడం బట్టీ పెత్తనం మీద తిరుగుబాటులా కనిపిస్తుంది గానీ, అలా చేసినవారిలో ఎక్కువమంది ఏళ్ల తరబడి కాల్చి చేయి తిరిగినవారే.

ఇంత సేపూ పక్కన ఉంచిన ప్రశ్న కుమ్మరులది. స్టూడియో కుమ్మరి సాధారణంగా ఇష్టపడి ఈ పనిలోకి వస్తాడు లేదా వస్తుంది, నచ్చకపోతే వదిలేయగల చదువు, ఆసరా ఉంటాయి. కుమ్మరి ఇంట్లో పుట్టినవారికి పని వారసత్వంగా వస్తుంది, వదిలేయడమే చాలాసార్లు ఎదుగుదల అనిపిస్తుంది. దేశంలో చాలాచోట్ల కుమ్మరి కుటుంబాల్లో స్త్రీలు మట్టి తొక్కుతారు, జల్లిస్తారు, రంగులు పూస్తారు, సారె మాత్రం తిప్పరు. స్టూడియో రంగంలో ముందు నిలబడినవారిలో స్త్రీలే ఎక్కువగా కనిపించడం ఆ కట్టుబాటు అక్కడ పనిచేయనందువల్లే. ధరల తేడా చెప్పనక్కర లేదు. కానీ ఆ తేడాను నైపుణ్యంలో తేడా అనుకుంటే పొరపాటు. తక్కువ వేడిలో కాలిన కుండ గోడ వదులుగా, రంధ్రాలతో ఉంటుంది కాబట్టే పొయ్యి మీద నేరుగా నిలబడుతుంది, వేసవిలో నీటిని చెమటగా వదిలి చల్లబరుస్తుంది. స్టోన్‌వేర్ గిన్నెను అదే పొయ్యి మీద పెడితే ఒక పక్క వేడెక్కి చీలిపోతుంది. చెక్కతో తట్టి, లోపల రాయి ఆనించి, పెద్ద బానను సమానమైన పలుచని గోడతో సాగదీయడం స్టూడియోల్లో చాలామందికి చేతకాదు.

ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్హార్ సశక్తీకరణ కార్యక్రమం ప్రారంభించి, ప్రధానంగా విద్యుత్ సారెలనూ మట్టి కలిపే యంత్రాలనూ పంచింది. కర్రతో సారె తిప్పే శ్రమ తప్పింది, రోజుకు చేసే వస్తువులు పెరిగాయి, ఆ మేరకు మేలే. అయితే చేసిన వస్తువు అదే ఆవంలోకి, అదే వేడికి వెళ్తే, అది చేరే అంగడి కూడా పాతదే అవుతుంది: దీపావళికి ప్రమిదలు, వేసవికి నీళ్లకుండలు, వినాయక చవితికి బొమ్మలు. ఊరికి ఉమ్మడి గ్యాసు బట్టీ ఇస్తే సరిపోతుందని అనుకోవడం కూడా తొందరపాటు. చెరువు మట్టిలో ఇనుమూ కరిగించే లవణాలూ ఎక్కువ. 1200 డిగ్రీలకు పోతే అది ఉబ్బి, వంగి, కొన్నిసార్లు కరిగి అరకు అంటుకుపోతుంది. ఆ వేడిని తట్టుకునే మట్టిని కొనాలి, అంటే ఇప్పటిదాకా దాదాపు ఖర్చు లేకుండా తెచ్చుకుంటున్న ముడిసరుకుకు డబ్బు పెట్టాలి. దీనికి బదులుగా చెరువు మట్టినే ఉంచి, 1000 నుంచి 1100 డిగ్రీల మధ్య కరిగే సీసం లేని గ్లేజులు తయారు చేస్తే, చిన్న బట్టీ చాలు, గ్యాసు తక్కువ పడుతుంది, పచ్చడి కాకపోయినా పెరుగూ పప్పూ పట్టే పాత్రలు వస్తాయి. ఆ పాళ్లు ఏ ఊరి మట్టికి ఆ ఊరి మట్టి మీదే పరీక్షించి కుదుర్చుకోవాలి. మట్టి ఎంత కుంచించుకుంటుందో గ్లేజు అంతకు దగ్గరగా కుంచించుకోకపోతే పూత చిట్లి నూనె లోపలికి దిగుతుంది. ఈ పరీక్షలు చేయడానికి కావలసిన రసాయన జ్ఞానం, చిన్న పరీక్ష బట్టీలు, ఫలితాలు రాసి ఉంచే అలవాటు ఇప్పుడు స్టూడియోల దగ్గర ఉన్నాయి; మట్టీ, సారె మీద వేగమూ, అమ్మకానికి ఊరి సంతా కుమ్మరుల దగ్గర ఉన్నాయి. ఈ రెండు పక్షాలూ ఇప్పటిదాకా కలుసుకుంటున్నది ఎక్కువగా ప్రదర్శన వేదికల మీద, ఒకటి రెండు వారాల శిబిరాల్లో. ఒక గ్లేజు ఒక మట్టి మీద నిలకడగా కూర్చోవడానికి పట్టే కాలం అంతకన్నా చాలా ఎక్కువ.